ఫ్రెంచి నవలలో ఏవండీ

ఇంటర్మీడియట్‌లో నా సెకండ్ లాంగ్వేజి ఫ్రెంచి. మా కాలేజీలో ఫ్రెంచి తీసుకోవడానికీ ఫ్రెంచి రావడానికీ సంబంధం ఉండేది కాదు. మార్కులు బాగా వస్తాయని తీసుకునేవాళ్ళం, వచ్చేవి. ఇప్పుడు సింగపూరు బెడోక్‌లో మా పై అంతస్తు ఆంటీకి ఈ సంగతి ఎవరు చెప్పారో తెలియదు. ఒక శనివారం తలుపు తట్టారు.

"నీకు ఫ్రెంచి వచ్చటగా. రేపు సాయంత్రం ఫ్రీగా ఉండు. రచయితగారు టీకొస్తున్నారు."

ఆంటీ ఏలూరులో తెలుగు లెక్చరరుగా రిటైరై కూతురి దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. లైబ్రరీలో దొరికిన ఓ ఫ్రెంచి నవలను ఇంగ్లీషు నుంచి తెలుగు చేశారు. రెండేళ్ళు పట్టింది. రచయిత అనుమతి లేనిదే అచ్చుకివ్వనన్నారు. ఆ రచయిత ఏదో సభకు సింగపూరు వస్తే, పట్టుకుని మా బ్లాకు కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి పిలిచారు. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. పెద్ద బహుమతి వచ్చినవాళ్ళని టీకి పిలిచేవాళ్ళు తక్కువేమో.

ఆంటీ భర్త, అంకుల్, ముందే వెళ్ళి టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేశారు, ఇక్కడ చోటు ఆపుకోవడానికి అదే పద్ధతి. రచయిత అది తనకు కానుకనుకుని, థాంక్స్ చెప్పి జేబులో వేసుకున్నాడు. ఎవరమూ దిద్దలేదు. నేను ఫ్రెంచిలో నమస్కారం చెప్పి, పెన్సిలు బల్ల మీద ఉందన్నాను. నా ఫ్రెంచి అక్కడితో అయిపోయింది. ఆయన బల్లంతా మర్యాదగా వెతికి, చక్కటి ఇంగ్లీషులోకి మారిపోయాడు.

తన కథ తనే చెప్పాడు. తండ్రి లిఫ్టులు బాగుచేసేవాడు. తను చిన్న ఊళ్ళో జాగ్రఫీ మాస్టారు. బడికి వెళ్ళేముందు రోజూ ఒక పేరా రాసేవాడు. మొదటి నాలుగు నవలల్లో ఏమీ జరగదని విమర్శకులు తిట్టారు. ఐదో నవలలోనూ ఏమీ జరగలేదు. దానికి బహుమతి ఇచ్చారు.

"నేనేమీ మారలేదు. వాళ్ళు అలిసిపోయి ఉంటారు" అన్నాడు.

ఆంటీ అనువదించింది ఆ ఐదోదే. ఒక ముసలి జంట, ఒక వంటగది. "మీ భాషలో వాళ్ళు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారు?" అని అడిగాడు.

"ఇంకెలా? ఆయన నువ్వంటాడు. ఆవిడ ఏవండీ, మీరు అంటుంది."

నేను వివరించాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఫ్రెంచిలోనూ నువ్వు, మీరు ఉన్నాయట. ఆ దంపతులు జీవితమంతా ఒకరినొకరు మీరనుకుంటారు. చివరి పేజీలో భర్త మొదటిసారి నువ్వంటాడు. నవలలో జరిగేది అదొక్కటే. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట కాబట్టి అది దారిలో జారిపోయింది. ఆంటీ రాసినదాంట్లో భర్త మొదటి పేజీలోనే నువ్వనేశాడు. అంటే నవల అక్కడే అయిపోయింది.

ఇద్దరి చేతా మీరనిపిస్తే తప్ప అనుమతి ఇవ్వలేనన్నాడు ఆయన, చాలా మెత్తగా.

చదవడానికి ఆంటీకి ఇంగ్లీషు చాలు. వాదించడానికి తెలుగు కావాలి. "పెళ్ళాన్ని మీరనే మొగుణ్ణి మనవాళ్ళు నమ్మరు బాబూ. ఏదో వెధవపని చేసొచ్చాడనుకుంటారు. చెప్పు ఆయనకి."

చెప్పాను. "అది వేరే నవల" అన్నాడాయన.

ఆంటీ బల్ల మీది సంచి దగ్గరికి లాక్కున్నారు. రెండేళ్ళ పని అందులోనే ఉంది. "పోనీ, ఆఖర్న ఆవిడ చేత నువ్వనిపిస్తే?"

"అంటుందా?"

"ఈ కాలం పిల్లలంటారు. మా వయసువాళ్ళు... చూడాలి." అని, పక్కన టోస్టు తింటున్న అంకుల్ వైపు తిరిగారు. "నువ్వు ఇంకో టీ తాగుతావా?"

అంకుల్ వెనక్కి తిరిగి చూశారు. వెనకాల ఎంగిలి ట్రేలు పెట్టే బండి తప్ప ఎవరూ లేరు.

"ఎవర్నే?"

"నిన్నే."

అంకుల్ టోస్టు పళ్ళెంలో పెట్టి, నోరు తుడుచుకున్నారు. "తాగుతానండి" అన్నారు.

రచయిత నా భుజం పట్టుకుని ఏమన్నాడని అడిగాడు. ఆవిడ నువ్వంది, ఆయన అండీ అన్నాడు, మధ్యలో వెనక్కి తిరిగి చూశాడు అని వరసగా చెప్పాను. రచయిత కాసేపు అంకుల్‌నే చూశాడు. చివరి పేజీ అచ్చం ఇలాగే రాస్తే అనుమతి ఇస్తానన్నాడు. వెనక్కి తిరగడం మాత్రం తీసేయవద్దన్నాడు.

ఆంటీ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. తర్వాత టీ తేవడానికి లేవబోయారు.

"మీరు కూర్చోండి, నేను తెస్తాను" అంటూ అంకుల్ లేచారు.

మేం ముగ్గురం కూర్చునే ఉన్నాం. ఆ మీరు ఎవర్నన్నారో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.