తెలీదన్న డాక్టరమ్మ

గుంటూరులో మా ఇంటిల్లిపాదీ కొట్టు మీదే పెరిగాం. గిరాకీ అడిగినదానికి "తెలీదు" అంటే బేరాన్ని చేజేతులా పక్క కొట్టుకి పంపినట్టే. అందుకే రెండు వేల అయిదు ప్రాంతంలో, అనకాపల్లి మీదుగా వెళ్లే ప్యాసింజర్‌ రైల్లో చూసిన బేరానికి నా మతి పోయింది.

నా ఎదురుగా కెన్యా నుంచి వచ్చిన డాక్టరమ్మ కూర్చుంది. బోదకాలుకి కొత్త మందు పరీక్షిస్తోందట. పక్కన చేపల గంపతో నూకాలమ్మ. ఆమె కాలు వాచి స్తంభంలా ఉంది. పరీక్షకు వస్తావా అని డాక్టరమ్మ అడిగింది. నా కొట్టు ఇంగ్లీషుతో నేనే మధ్యవర్తిని.

"ఆ మందేసుకుంటే కాలు తగ్గుతాదా? అడుగు బాబూ."

"ఇంకా తెలీదు. తెలుసుకోవడానికే పరీక్ష" అంది డాక్టరమ్మ.

"మేడం, సరుకు అలా అమ్మరు. కాస్త మార్చి చెప్పనా?" అన్నాను. ఆవిడ వద్దంది. బేరం మునిగిందనుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పేశాను.

నూకాలమ్మ ముఖం వెలిగింది. "ఈయమ్మ మా మడిసే. మావోళ్లు ఏటకెళ్తా సేపలు తెత్తామని సెప్పరు. సెప్పినోణ్ణి పడవెక్కనివ్వరు. నాను వత్తాను. మందు పన్జెయ్యకపోతే మాత్రం ఆ మాట తనే వచ్చి నాకు సెప్పాల."

నేను చెప్పగానే డాక్టరమ్మ "వస్తాను" అంది, క్షణం ఆలోచించకుండా.

"సూసేవా బాబూ, ఇది మాత్రం తెలీదన్లేదు" అంటూ నూకాలమ్మ చేపల చేత్తో నా వీపు చరిచింది. మా నవ్వులు ఆగేసరికి అనకాపల్లి దాటిపోయింది. ముగ్గురమూ దిగాల్సింది అక్కడే.