చక్రాల డబ్బాకు వాస్తు

మా అత్తమ్మకు నా వంట మీద, నా పిల్లల పెంపకం మీద, చివరికి నేను గేదెను పిలిచే తీరు మీద కూడా అభిప్రాయాలున్నాయి. వాటిలో సగం నా ముఖానే చెప్తుంది. మిగతా సగం కోళ్లకు నూకలు చల్లుతూ, నాకు వినబడేంత గట్టిగా కోళ్లకు చెప్తుంది. అంత నోరున్న మనిషి, రెండేళ్లుగా గేటు దాటి ఏ చుట్టాల ఇంటికీ ఎందుకు వెళ్లడం లేదో మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకొక్కదానికే చెప్పింది, అదీ ఒట్టు వేయించుకుని.

తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు నేల మీద కూర్చోవడం చేతకాదు. దమ్మపేట దగ్గరి మా ఇంట్లో కమోడ్ పెట్టించి, గోడకు పట్టుకోవడానికి కడ్డీలు బిగించాం. ఇంట్లో ఉన్నంతసేపూ ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు. బయటికి వెళ్తేనే చిక్కు. మా చుట్టాల ఇళ్లలో చాలావరకు పెరట్లో కింద కూర్చునే మరుగుదొడ్లే. ఒకసారి పెళ్లికి వెళ్లి, పొద్దుటి నుంచి మంచినీళ్లు ముట్టకుండా కూర్చుని, సాయంత్రానికి కళ్లు తిరిగి పడిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చాక నా చేయి పట్టుకుంది.

"పిల్లా, ఒకరు నన్ను పట్టుకొని కూసోబెట్టాలె, ఇంకొకరు లేపాలె. గా సిగ్గు నాకొద్దు. నా తమ్మునికి మాత్రం చెప్పకు. నా మీద ఒట్టు."

తమ్ముడంటే పినపాక దగ్గర ఉండే మా చినమామయ్య. తల్లి పోతే ఈమే చంకనేసుకుని పెంచింది. ఆయన ప్రతి పండక్కీ ఫోన్ చేసి రమ్మనేవాడు. ఈమె "కాళ్లు నొస్తున్నయి రా, తర్వాత వస్త" అనేది. మాకు పామాయిల్ తోటలు వచ్చాక అక్కకు పొగరు తలకెక్కిందని ఆయన అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు, నలుగురితో అన్నాడు. ఆ మాట మాకూ చేరింది. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. నేను ఒట్టు తీసి గట్టున పెట్టి చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో! కానీ ఆమె ముఖం చూస్తే నోరు రాలేదు.

ఇంతలో చినమామయ్య కొడుకు ఫోన్ చేశాడు. అతని భార్య కడుపుతో ఉంది.

"అత్తా, నాకు అక్కచెల్లెళ్లు లేకపాయె. పుట్టేటి బిడ్డను ఊయలల ఏసి, చెవిల పేరు చెప్పాల్సింది నువ్వే. నువ్వు రాకుంటే ఊయలే కట్టొద్దంటుండు బాపు."

మా వైపు బిడ్డను మొదట ఊయలలో వేసేది మేనత్త. మేనత్త లేకపోతే ఆ వరసలో పెద్దావిడ. అత్తమ్మ "చూద్దాం తియ్" అని ఫోన్ పెట్టేసి, కోళ్ల దగ్గరికి వెళ్లింది. ఆ రోజు కోళ్లకు కూడా ఏమీ చెప్పలేదు.

సరిగ్గా ఆ వారమే మా ఆయన మోటారు రిపేరుకు ఖమ్మం వెళ్లి, ఒక వింత చూశానంటూ వచ్చాడు. పాత ఇనుము కొట్టు వెనక ఒక చక్రాల డబ్బా ఉందట. రోడ్డు పనుల ఇంజనీర్లు అడవిలో మకాం చేయడానికి జీపు వెనక కట్టుకుని తిరిగిన గదట. లోపల మంచం, చిన్న వంట గట్టు, మూలన ఇరుకు స్నానాల గది. "మనిషి నత్తలాగ ఇల్లు ఈడ్చుకుంటూ పోవడమేంది!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ స్నానాల గదిలో కమోడ్ పడుతుందా అని అడిగాను. ఆయన నవ్వు ఆపి నా వైపు చూశాడు. మర్నాడే ఇద్దరం వెళ్లి దాన్ని తెచ్చాం.

తేవడం తేలిక, బాగు చేయడమే బ్రహ్మప్రళయం. తల్లాడలో లారీ బాడీలు కట్టే ఒక భాయ్ ఉన్నాడు. తాతల నాటి నుంచి వాళ్లది అదే పని. ఆయన డబ్బా చుట్టూ తిరిగి, గోడను వేలితో కొట్టి, కింద దూరి చూసి బయటికొచ్చాడు.

"అమ్మా, పైన చూస్తే పెండ్లికొడుకు, కింద చూస్తే పీనుగ," అన్నాడు.

"బతికిస్తావా లేదా భాయ్?"

"బతికిస్త. కానీ జల్దీ చేయమని గుంజొద్దు."

అడుగున ప్లైవుడ్ తడిసి బిస్కెట్ ముక్కలా విరిగింది. దాన్నంతా పీకి, ఇనుప చట్రానికి తుప్పు గీకి, రంగు కొట్టి కొత్త పలకలు వేశాడు. చక్రాల బేరింగులు మార్చి గ్రీజు పెట్టాడు. కింద కుదుపులు ఆపే కమాన్ కట్టల్లో విరిగిన పట్టీలు తీసి కొత్తవి వేశాడు. కిటికీలో కందిరీగలు కట్టుకున్న గూడును మాత్రం ముట్టనన్నాడు. అది మా ఆయన తీశాడు. కుట్టించుకుని వాచిపోయి, రెండు రోజులు ఆయన పై పెదవి కింది పెదవితో మాట్లాడలేదు.

కప్పు కారడం ఒక్కటి తెగలేదు. ఇంటికి తెచ్చాక ఆ పని మా మీద పడింది. మా ఆయన నిచ్చెన మీద పైపు పట్టుకుని నీళ్లు కొట్టేవాడు, నేను లోపల తల పైకెత్తి కూర్చునేదాన్ని.

"పడుతున్నయా?"

"పడుతున్నాయి!"

"ఎక్కడ?"

"నా నెత్తి మీద!"

కారిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, ఆరాక అతుకుల వెంట జిగురు పూసి, మళ్లీ నీళ్లు కొట్టడం. చివరికి దొంగ దొరికాడు. పైన గాలి రంధ్రం మూత చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పగిలింది. కొత్త రబ్బరు వేశాక చుక్క పడలేదు. పాత డబ్బాతో కాపురం చేస్తే ఒకటి తెలుస్తుంది: నీళ్లు కారే చోటు ఒకటి, దిగే చోటు ఇంకొకటి. ఇప్పటికీ ఏటా వానలకు ముందు ఆ అతుకులన్నీ చేత్తో తడిమి చూస్తాను. ఆ పని ఇంకెవరికీ ఇవ్వను.

ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి. డబ్బాను వాకిట్లో, ముక్కు ఉత్తరం వైపు ఉండేలా నిలిపాం. లోపల ఏది ఎక్కడ పెట్టాలో వడ్రంగికి చెప్తుంటే అత్తమ్మ చేతికర్రతో వచ్చి నిలబడింది.

"పండుకునే ఇల్లన్నంక వాస్తు చూడొద్దా?"

"తిరిగే బండికి దిక్కులేంటి అత్తమ్మా?" అన్నాను.

"నువ్వు సదువుకున్నదానివి, నీకు తెల్వది," అంది. మా పుట్టిల్లు సత్తుపల్లి వైపు. మా భాష మెత్తన కాబట్టి బుర్ర కూడా మెత్తనే అని ఆమె నమ్మకం.

వచ్చేది ఆమె, పడుకునేది ఆమె. అడ్డం చెప్తే అసలు రానంటుందేమోనని నా భయం. ఆమె చెప్పినట్టే చేశాం. కమోడు వాయవ్యంలో, అంటే ముందు ఎడమ మూల. ఈశాన్యం, అంటే ముందు కుడి మూల, బరువు లేకుండా వదిలేసి దేవుడి పటం తగిలించాం. ఆగ్నేయంలో పొయ్యి, గ్యాస్ బండ. బరువంతా నైరుతిలో ఉండాలట. వెనక ఎడమ మూలన నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, ఆమె ఇనుప పెట్టె. తలాపు దక్షిణానికి ఉండేలా మంచం. ఆమె కమోడు మీద కూర్చుని, రెండు కడ్డీలూ పట్టుకుని తనంతట తానే లేచి చూసుకుంది. మళ్లీ కూర్చుని మళ్లీ లేచింది. బయటికొచ్చి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే బాగున్నట్టే లెక్క.

మనవడు పుట్టాడని కబురొచ్చింది. ఊయల ముందు రోజు బయలుదేరాం. ట్యాంకు నిండా నీళ్లు పట్టాం, పెట్టెలో పిల్లాడి బట్టలు, వెండి మొలతాడు, పక్కనే రెండు బియ్యం సంచులు కూడా వేశాం. జీపులో మా ఆయన, పక్కన నేను, వెనక సీట్లో అత్తమ్మ. ములకలపల్లి దాటేవరకు అంతా బాగుంది. అడవిలో పల్లం దిగుతుండగా డబ్బా తోక ఊపడం మొదలుపెట్టింది. ముందు కొంచెం అటు, తర్వాత ఇంకొంచెం ఇటు, ఆ పైన జీపును కూడా పట్టుకుని ఊపేసింది. మా ఆయన స్టీరింగుతో కుస్తీ పట్టి, ఎలాగో పక్కకు తీసి ఆపాడు.

దిగి టైర్లు చూశాడు, బేరింగులు చూశాడు, కొక్కెం చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"నా వల్ల కాదు. ఎనక్కి పోదాం. పానాలు పోతయి," అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. అత్తమ్మ కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఆ తమ్ముడి గడప ఇక ఈ జన్మలో తొక్కదని నాకు తెలుసు. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియక మా ఆయన మీద అరిచాను.

మా గొడవలో ఉండగానే ఆమె జీపు దిగింది. కర్ర పొడుచుకుంటూ డబ్బా చుట్టూ తిరిగి, కొంచెం దూరం పోయి, పక్క నుంచి చూసింది.

"బండి ఎనక్కి వాలింది గద రా! ఎనక బరువైతే కాడి ఎద్దు మెడ మీద నిలుస్తదా? మా నాయన వెదురు బండి మీద పెరిగిన, గంత తెల్వదా నాకు? బరువంత ముంగటికి జరపుండ్రి."

మా ఆయన, నేను ముఖముఖాలు చూసుకున్నాం. నా నోరు ఊరుకోలేదు.

"మరి నైరుతి, అత్తమ్మా?"

ఆమె తడబడలేదు. "బండి ఎటు తిరిగితే దిక్కులు గటే మారుతయి. తిరిగేదానికి నైరుతేంది? సదువుకున్నదానివి, గది గూడ నేనే చెప్పాల్నా?"

నా మాటే నా నెత్తిన పెట్టి కొట్టింది. మా ఆయన ఆకాశం వైపు చూస్తూ మీసం కొరుక్కున్నాడు. నేను ఇక ఆపుకోలేక రోడ్డు పక్కన కూలబడి నవ్వాను. కాసేపు బింకంగా నిలబడి, ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

ట్యాంకులో నీళ్లు క్యాన్లలోకి పట్టి, పెట్టె, సంచులు, బండ అన్నీ దేవుడి పటం కిందికి, కమోడ్ గది ముందుకి జరిపి తాళ్లతో కట్టాం. మెల్లగా కదిలాం. డబ్బా గీత గీసినట్టు వెనకే వచ్చింది. పాల్వంచ, మణుగూరు దాటి సాయంత్రానికి చినమామయ్య ఇల్లు చేరాం. దారిలో మూడు చోట్ల ఆపించింది. మూడుసార్లూ దర్జాగా డబ్బా ఎక్కి, దర్జాగా దిగింది.

చినమామయ్య గుమ్మంలోకి వచ్చాడు. "మంచిగున్నవా అక్కా" అన్నాడు గానీ కళ్లు కలపలేదు. లోపల కొత్త దుప్పటి పరిచిన మంచం చూపించాడు.

"నేను డబ్బాల పండుకుంట తియ్ రా," అంది అత్తమ్మ.

ఆయన ముఖం మాడిపోయింది. "మా ఇంట్ల జాగ లేదనుకున్నవా? చుట్టం ఇంటికి ఇల్లు ఏసుకొని వచ్చినోళ్లను నేనైతే ఏడ చూడలే," అని లోపలికి వెళ్లిపోయాడు. ఇన్ని నెలలు తుప్పు గీకి, రబ్బరు మార్చి నేను తయారు చేసింది ఆయన కంటికి ఒక అవమానమని అప్పుడు గానీ తట్టలేదు.

మర్నాడు ఊయల బాగా జరిగింది. అత్తమ్మ బిడ్డను ఊయలలో పడుకోబెట్టి, వంగి చెవిలో పేరు చెప్పింది. అందరూ నవ్వారు, పాటలు పాడారు. చినమామయ్య స్తంభానికి ఆనుకుని చూశాడంతే. ఆడపడుచుకు చీర పెట్టే వేళకు ఆమె డబ్బా దగ్గర ఉంది. ఆయన చీర తెచ్చి, చేతికివ్వకుండా డబ్బా మెట్టు మీద పెట్టాడు.

"నీ ఇంటికే తెచ్చి పెట్టిన, తీసుకో," అన్నాడు.

అత్తమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. "ఎక్కు," అంది. చిన్నప్పుడు ఎలా లాక్కెళ్లేదో అలాగే లోపలికి లాక్కెళ్లింది. నేను కిటికీ బయట గిన్నెలు కడుగుతున్నాను. చిన్న గది తలుపు తీసిన చప్పుడైంది.

"గిది లేకనే రాలె రా. మీ దొడ్ల నేను కూసోలేను. కూసుంటే లేవలేను."

లోపల గోడ కడ్డీలు ఎవరో పట్టి ఊపినట్టు గలగలమన్నాయి.

"గీ ముచ్చట ఫోన్ల చెప్తే కట్టిద్దును గద అక్కా. నేను నీకు పొగరెక్కిందనుకున్న. ఊరంత అన్న."

"ఎరుకే."

"ఎరుకై గూడ ఊకున్నవా?"

"నీ ముడ్డి కడిగి సాకిన నేను. నీతోని గీ మాట ఎట్ల అనాలె? నాకు పొగరని అనుకుంటే అనుకోనీ, గదే నయమనిపిచ్చింది."

ఆయన ఏడుస్తున్నాడని బయటికే తెలిసింది. నేను చేతులు తుడుచుకుని, మెట్టు మీది చీర తీసి, మడత విప్పి లోపలికి వెళ్లి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని అక్క భుజాల చుట్టూ కప్పాడు. ఆమె అంచు పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"గీ రంగు నాకు నప్పదు రా," అంది.

సాయంత్రం దాకా అది తీయలేదు.