నేనొస్తే వానొస్తుందట

కుప్పంలో ఎమ్మే సైకాలజీ చదువుతున్నప్పుడు, పుంగనూరులో మా పెద్దమ్మ వాళ్ల వీధికి నేను వానదేవతను. నవ్వకండి, నిజంగానే!

మా ఇల్లు మదనపల్లెలో. కుప్పం హాస్టల్ నుంచి ఇంటికి పోయే దారిలోనే పుంగనూరు కాబట్టి, శనివారం పెద్దమ్మ ఫోన్ చేసి రమ్మంటే అక్కడే దిగిపోయేదాన్ని. ఎప్పుడు దిగినా వానే. ఒకసారి ఆటోలోంచి కాలు కింద పెట్టానో లేదో టపటపా చినుకులు. పెద్దమ్మ తడుస్తూనే వీధిలోకొచ్చి, "సూడండి, మా బిడ్డొస్తే వానొస్తాది!" అని అందరికీ వినబడేలా అరిచింది. సోమల దారిలో వాళ్లకు శనక్కాయ చేనుంది. పెదనాన్న కూడా ఆ మాట కాదనలేదు. ఎదురింటత్త మాత్రం నన్ను చూస్తే చాలు, మిద్దె మీదికి పరుగెత్తి మిరపకాయలు ఎత్తేది. "వచ్చేముందు ఒక మాట చెప్పకూడదా అమ్మా!" అని పైనుంచే కేకలు.

పైకి సిగ్గుపడేదాన్ని గానీ, లోపల ఒకటే గంతులు. మేఘాలు మాట వినే మనిషిని అయిపోయాను మరి!

ఒకరోజు క్లాసులో మా సార్, రెండు విషయాలు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదని చెబుతున్నారు. ఆగలేక లేచి నా వాన కథ చెప్పేశాను. క్లాసంతా పగలబడి నవ్వింది. సార్ నవ్వలేదు.

"అయితే పరీక్షించి చూడు," అన్నారు. "నీకు పోవాలనిపించినప్పుడు కాదు, వాళ్లు పిలిచినప్పుడూ కాదు. శుక్రవారం రూపాయి బిళ్ల ఎగరెయ్యి. బొమ్మ పడితే పో, బొరుసు పడితే ఆగిపో. అప్పుడు ఎంపిక నీ చేతిలోనూ ఉండదు, వాళ్ల చేతిలోనూ ఉండదు."

ఆ శుక్రవారం హాస్టల్లో మా గది తిరునాళ్లలా ఉంది. అమ్మాయిలంతా మంచాలెక్కి నిలబడితే నా రూమ్మేట్ బిళ్ల ఎగరేసింది. బొమ్మ!

మర్నాడు పుంగనూరులో దిగితే పెళపెళా ఎండ. పెదనాన్న సాయంత్రం దాకా ఆకాశం చూస్తూ వాకిట్లోనే కూర్చున్నాడు. ఎదురింటత్త ఈసారి ఎంతో ప్రేమగా నాకు మజ్జిగ తెచ్చిచ్చింది. చుక్క రాల్లేదు.

"బస్సులో అలిసిపోయొచ్చినావు గదా, అందుకే రాలేదులే," అని పెద్దమ్మ నన్నే ఓదార్చింది.

తర్వాతి వారం బొరుసు. హాస్టల్లోనే ఉండిపోయాను. మధ్యాహ్నం పెద్దమ్మ ఫోన్. వెనక రేకుల మీద వాన దబదబా మోగుతోంది.

"మే, ఈడ కుండపోతగా కురస్తాండాది! నువ్వు మమ్మల్ని తలుసుకున్నావు గదా?"

"తలుసుకున్నా గానీ..."

"సూస్తివా!"

వచ్చినా నేనే, రాకున్నా నేనే! ఇక ఈ నమ్మకాన్ని ఏ వాన తడపగలదు, ఏ ఎండ ఎండబెట్టగలదు? నవ్వాపుకుంటూ అడిగాను. "పెద్దమ్మా, అసలు నువ్వు నన్నెప్పుడు రమ్మంటావు?"

"మోడం పట్టినప్పుడు. మబ్బేసిందంటే చేన్లో పనుండదు గదా. అందరం ఇంట్లోనే ఉంటాము, బజ్జీలేసుకుందామని నీకు ఫోన్ జేస్తా."

మంచం మీద నుంచి ఎగిరి దూకాను. "అంటే నేనొస్తే వాన రావడం గాదు పెద్దమ్మా! వానొచ్చేట్టుంటేనే నేనొస్తాండాను!"

వాన చప్పుడును మించి వినబడేలా పెద్దమ్మ గొంతు పెంచింది.

"నేనూ అదే గదమ్మా చెప్తాండేది," అంది పెద్దమ్మ. "మీరిద్దరూ కలిసే వస్తారని."

సోమవారం ఇది చెబితే సార్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. రెండు వారాలతో వాన గురించి ఏమీ తేలదు గానీ, మనుషుల గురించి చాలా తేలేలా ఉందన్నారు. నీ ఎండరోజు ఆ వీధికి ఎంతవరకు గుర్తుందో కనుక్కో, అదే నీ ప్రాజెక్టు అన్నారు.

మళ్లీ పోయినప్పుడు ఇల్లిల్లూ తిరిగాను. వానలో వచ్చిన రోజులు అందరికీ గుర్తే. నేను వేసుకున్న చుడీదార్ రంగు కూడా చెప్పారు. ఎండరోజు అడిగితే మొహాలు చూసుకున్నారు.

"ఆ పొద్దు నువ్వు యాడొచ్చినావమ్మా?" అంది ఎదురింటత్త.

"మజ్జిగిస్తివి గదత్తా!"

"అది ఇంకెవురికో ఇచ్చింటా."

"నాకే అత్తా! రెండో గ్లాసు గూడా పోస్తివి!"

"ఎండలో వచ్చుంటే అది నువ్వు గాదులే," అని తేల్చేసింది.

ఆ వీధి మధ్యలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వాను. ఎందుకో తెలియకపోయినా అత్త కూడా నాతో కలిసి నవ్వింది.