నొసటి దగ్గర ఆగిన బాపు

నారాయణపేట జిల్లా అయిన సంవత్సరమే వెంకటనర్సు ఇంటి మగ్గాలకు ఒక వెబ్‌సైటు పుట్టింది. చేసింది కూతురు సంధ్య. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివి, ఊళ్లోనే ఒక ప్రైవేటు బడి ఆఫీసులో కంప్యూటరు పని చేసేది. వెబ్‌సైటుకు చేతులు ఆమెవే గానీ బుర్ర పూర్తిగా వాళ్ల బాపుది.

తెరవగానే సన్నాయి మోగాలన్నాడు వెంకటనర్సు. మోగింది. పైనుంచి మల్లెపూలు రాలాలన్నాడు. రాలాయి. అన్నిటికంటే ముందు, ఎవరో సన్మానం చేసినప్పుడు శాలువాతో దిగిన తన ఫొటో తెర నిండా రావాలన్నాడు. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు పెద్ద కెమెరాతో తీసిన ఆ ఫొటోను సంధ్య ఉన్నదున్నట్టే ఎక్కించింది. చీరలు ఆయన కాళ్ల కింద ఎక్కడో ఉండేవి.

"పెండ్లి పందిరి లెక్క మస్తుగున్నది," అని మురిసిపోయాడు ఆయన. ఆ పందిట్లోకి మాత్రం ఒక్క చుట్టమూ రాలేదు.

ఒకనాడు కొల్లాపూర్ నుంచి శ్రీదేవి అనే టీచరమ్మ సంధ్యకు ఫోన్ చేసింది.

"చెల్లె, మీ చీరలు చూద్దామని బస్టాండ్ల కూసోని తెరిచిన. సన్నాయి మోగంగనే అందరు నా దిక్కే చూసిండ్రు. తర్వాత ఒక పెద్దమనిషి నెత్తి వచ్చింది. జర సేపటికి నొసలు వచ్చింది. మీసం రాకముందే నా బస్సు వచ్చింది. ఎవరాయన?"

"మా బాపు అక్కా."

"పూలు గూడ రాలుతున్నయి గదా... ఉన్నడా మరి?"

సంధ్య ఫోన్ పెట్టేసి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నూలు కండెలు చుడుతున్న తల్లి లీలమ్మ సంగతి విని తల కూడా ఎత్తలేదు.

"ఇంట్ల గూడ గంతే. ఒక్క మాట ఒప్పుకునేసరికి పొద్దుగూకుతది," అంది.

ఆదివారం సంధ్య పని మొదలుపెట్టింది. సన్నాయి నోరు మూయించింది. మల్లెపూలు ఊడ్చేసింది. ఫోన్ తెరకు ఎంత కావాలో అంతకే చీరల ఫొటోల బరువు దించింది. కింది ఫొటోలు వేలితో పైకి జరిపినప్పుడే వచ్చేలా చేసింది. చివరికి బాపు ఫొటో బరువూ తగ్గించి, 'మా గురించి' అనే లోపలి పేజీకి పంపేసింది. ఎవరినీ అడగలేదు. అడిగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

సాయంత్రానికి వెంకటనర్సు కనిపెట్టాడు.

"నన్ను తీసేసినవా?"

"తీసెయ్యలే బాపు. లోపట వెట్టిన."

"నేసేటోన్ని లోపట వెట్టి చీరను బైట వెడ్తవా?"

"మనం అమ్మేది చీరనా, నిన్నా?"

ఆయన లేచి మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి కూతురితో మాటలు మానేశాడు. కావలసినవన్నీ "నీ బిడ్డకు చెప్పు" అంటూ లీలమ్మ ద్వారానే. మగ్గం మాత్రం గోడలదిరేలా మోగింది. కొంచెం మెత్తగా చెప్పాల్సిందేమోనని సంధ్యకు లోలోపల పీకుతూనే ఉంది. బడి నుంచి రాగానే తన ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వే తెరిచి చూడు."

ముట్టుకున్నాడో లేదో, గోపురాల అంచుతో ఎర్రచీర తెర మీదికి వచ్చేసింది. వెంకటనర్సు ఉలిక్కిపడ్డాడు. ఇన్నాళ్లూ తన ఫొటో చూసుకుని మురిసి మూసేయడమే తప్ప, ఆయన ఎన్నడూ చీరల దాకా దిగలేదు. రెండు వేళ్లతో అంచును పెద్దది చేసి, మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"గీడ పోగు తెగింది. గిది ఎవడు నేసిండు?"

"నువ్వే బాపు."

వెంకటనర్సు ఇంటి కప్పును కాసేపు పరిశీలించాడు. తర్వాత నేరుగా కూతురితోనే అన్నాడు:

"తీసెయ్యి గది. జల్ది. లోకమంతా చూస్తాంది."

లోకమంతా చూడలేదు గానీ శ్రీదేవి చూసింది, ఒక పచ్చచీర కొన్నది. ఆమె తోటి టీచర్లు ఇద్దరు ముగ్గురు చూశారు. ఒకామె, ఫొటోలో రంగు వేరు చీర రంగు వేరు అంటూ కొన్న చీరను తిప్పి పంపింది. అప్పటినుంచి ఫొటోల పెత్తనం వెంకటనర్సుదే. పొద్దున్నే డాబా ఎక్కి, చీర కొంగులు లీలమ్మ చేతికిచ్చి ఎండలో నిలబెడతాడు.

"జర సక్కగ వట్టు. నీ మొఖం అడ్డమొస్తాంది," అంటాడు.

లీలమ్మ చీర వదిలేసి కిందికి దిగిపోతుంది.