అల్లాయ్ చక్రం వెనకాల ఉన్న అంకె

రెండు వేల ఇరవై మూడు, ఫిబ్రవరి నెల. కళ్లాల్లో మిరపకాయలు ఎండే రోజులు. చీరాల నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో, పర్చూరు దాటాక రోడ్డు పక్కనే మా టైర్ల కొట్టు. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ నేనే నడుపుతున్నాను. ఆ కాలంలో మా ముందు నుంచి పోయే పికప్ బండ్లన్నీ గుంటూరు యార్డుకే. మిరపకాయల బస్తాను మా వైపు టిక్కీ అంటారు, ఒక్కోటి నలభై కిలోల పైమాటే. రైతు తన సరుకును డ్రైవరు చేతిలో పెట్టి ఇంట్లో కూర్చోడు. టిక్కీల మీదే ఎక్కి యార్డు దాకా వెళ్తాడు. ఎండయినా, దుమ్మయినా అంతే.

నాకు చదువు రాదు. ఇది కూడా నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. అంకెలు మాత్రం వచ్చు. మా పనికి అవి చాలని చాలాకాలం అనుకున్నాను. టైరు పక్కన సైజు తర్వాత ఇంకో చిన్న అంకె ఉంటుంది. దాన్ని లోడ్ ఇండెక్స్ అంటారు. నూట ఆరు అని ఉంటే ఆ ఒక్క టైరు తొమ్మిది వందల యాభై కిలోలు మోస్తుందని. ఏ అంకెకు ఎన్ని కిలోలో చెప్పే పట్టీ కొట్లో గోడకు అంటించి ఉంది. దాన్ని చూడకుండా నేను ఏ టైరూ ఎక్కించను.

ఆ రోజు పొద్దున్నే మస్తాన్ వచ్చాడు. పక్క ఊరి వాడు. సొంత పికప్ ఉంది, నన్ను అక్కా అంటాడు. గుంటూరులో ఎవరో కారుకు విప్పేసిన అల్లాయ్ చక్రాలు అయిదు కొనుక్కొచ్చాడు. అల్లాయ్ అంటే రేకు చక్రం కాదు, పోతపోసింది. తళతళా మెరుస్తుంది.

"చూడక్కా, ఎట్టా ఉన్నాయో! యార్డులోకి నా బండి వస్తే అందరూ పక్కకు తప్పుకోవాల."

"కాయలు మోసే బండికి ఈ సోకులేందిరా?"

"నీకు తెలవదులే. బోల్టు కన్నాలు సరిపోయినయ్, చూసుకునే తెచ్చా. కొత్త టైర్లు ఎక్కించు."

టైరు మీద నూట ఆరు ఉంది. పట్టీ చూశాను, సరిపోయింది. "గట్టివేరా," అన్నాను. నాలుగు చక్రాలకూ టైర్లు ఎక్కించి, గాలి అరవై అయిదు పౌన్లు పెట్టి, బోల్టులు నా చేత్తోనే బిగించాను. అరిగిన టైర్లు ఊడదీసిన పాత రేకు చక్రాలూ, స్టెపినీ కోసం తెచ్చిన అయిదో అల్లాయీ నా దగ్గరే వదిలేసి టిక్కీలు ఎత్తుకోవడానికి వెళ్లాడు.

ఆ అయిదో దానికి టైరు వేద్దామని వెనక్కి తిప్పాను. లోపలి వైపు మట్టి తుడిస్తే అయిదు వందల అరవై అని పోత అంకె కనిపించింది. పొద్దున మిగతా నాలుగింటికీ అది నా వేలికి తగిలింది. ఏదో కంపెనీ నెంబరు అనుకుని వదిలేశాను. ఈసారి దాని పక్కనున్న రెండు ఇంగ్లీషు అక్షరాలు కూడా కంటబడ్డాయి. నాకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ రెండింటినీ చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. యూరియా బస్తా మీద అప్పుడు యాభై పక్కన, ఇప్పుడు నలభై అయిదు పక్కన ఉండేవి అవే. కిలోలు.

లెక్క చూసుకున్నాను. టైరు తొమ్మిది వందల యాభై మోస్తుంది, దాన్ని పట్టుకున్న చక్రం అయిదు వందల అరవయ్యే మోస్తుంది. నిండా ఎత్తిన పికప్‌లో వెనక ఒక్కో చక్రం మీద దగ్గర దగ్గర తొమ్మిది వందలు పడుతుంది. పైగా ముప్పై చిల్లర గాలి పట్టే కారు చక్రంలో నేను అరవై అయిదు కుక్కాను. రేకు చక్రం బరువుకు వంగుతుంది, బండి ఊగుతుంది, డ్రైవరుకు తెలుస్తుంది. పోతపోసింది వంగదు, ఒక్కసారిగా పగులుతుంది.

మస్తాన్‌కు ఫోన్ చేశాను. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తాడు.

"బయల్దేరామక్కా. ముప్పై ఎనిమిది టిక్కీలు. పైన రైతు వెంకటేశ్వర్లు గారు, వాళ్లావిడ సామ్రాజ్యమ్మ గారు. ఏంది సంగతి?"

"బండి ఆపు. ఆ చక్రాలు బరువుకు చాలవురా."

"గట్టివేనని పొద్దున నువ్వేగా అంది!"

"గట్టివి టైర్లు, చక్రాలు కాదు. ముందు వాళ్లిద్దర్నీ కిందికి దింపు."

"హోరులో వినపడట్లా. నీ కొట్టు ముందు నుంచేగా వస్తా, అప్పుడు చెబుదువుగానిలే."

మళ్లీ చేస్తే ఎత్తలేదు. అక్కణ్నుంచి నా కొట్టుకు ఎనిమిది కిలోమీటర్లు. మధ్యలో కాలవ వంతెన, దానికి రెండు వైపులా గుంటలు. నేను జాకీ బయట పెట్టాను. రేకు చక్రాలు దొర్లించి వరసగా పెట్టాను. ఇక చేసేదేమీ లేక రోడ్డు మీద నిలబడ్డాను. దూరంగా ప్రతి బండీ అదే అనిపించేది. దగ్గరికొస్తే కాదు. ఇన్నేళ్లూ "ఆడమనిషి టైర్లేంది" అన్నవాళ్లు రేపు ఏమంటారోనని ముందు నా కొట్టు గుర్తొచ్చింది. పైన కూర్చున్న ఇద్దరూ ఆ తర్వాత గుర్తొచ్చారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ వరసలోనే గుర్తొచ్చారు.

వచ్చాడు. బండి ఆపించి, కింద దూరి వెనక చక్రాలు రెండూ సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. ఎక్కడా పగులు లేదు.

"చూశావా? వెంట్రుకంత గీత లేదు," అన్నాడు మస్తాన్. "ఉత్తపుణ్యానికి హడలగొట్టావు."

పైనుంచి వెంకటేశ్వర్లు గారు, "అమ్మాయ్, ఆలస్యమైతే ఈ పూట బేరం తప్పిపోతుంది. తిరిగొచ్చాక మార్చుకుంటాడులే," అన్నారు.

నెమ్మదిగా పోరా అని తప్పుకుంటే సరిపోయేది. పొద్దున నేను ఆ అంకె వదిలేసిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ తప్పుకోలేదు. వెళ్లి బండి ముందు నిలబడ్డాను.

"తప్పు నాది బాబాయి గారూ. చక్రం ఎంత మోస్తుందో దాని వెనకే ఉంది, చూడకుండా వేశాను. ఇది కారుది. మీరు దిగితేగానీ బండిని కదలనివ్వను."

"నీ పరువు నువ్వే తీసుకుంటున్నావేందక్కా!" అన్నాడు మస్తాన్ గొంతు తగ్గించి.

సామ్రాజ్యమ్మ గారు కొంగు దోపుకుని లేచారు. "ఏమయ్యా, తప్పు నాదని ఒక మనిషి చేత అనిపించాలంటే ఊరంతా కూడినా అనిపించలేం. ఆ పిల్ల నడిరోడ్డు మీద తనే చెబుతోంది. దిగుతావా, నన్ను దూకమంటావా?"

దిగారు. నలుగురం కలిసి టిక్కీలు దించాం. టైర్లు అల్లాయ్‌ల నుంచి ఊడదీసి రేకు చక్రాలకు ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ పూట బేరం పోయింది. వెంకటేశ్వర్లు గారు పోతూ పోతూ నా వైపు చూడలేదు. ఆయన కోపం న్యాయమే.

టైరు, చక్రం రెండింటిలో ఏది తక్కువ మోస్తుందో, అది మోసినంతే బండి మోసేది. అల్లాయ్ వస్తే ఇప్పుడు ముందు బోర్లించి వెనక చూస్తాను, తర్వాతే టైరు. అంకె చాలకపోతే వేయను. కొందరు విసుక్కుని వేరే కొట్టుకు పోతారు. పోనివ్వడం నేర్చుకున్నాను. ఆ రోజు చక్రం విరిగేదో, యార్డు దాకా పోయేదో నాకు తెలియదు. జరగని దాన్ని చూపించి ఎవర్నీ ఒప్పించలేం.

ఆ అల్లాయ్‌లను మస్తాన్ నెల తిరక్కముందే అమ్మేశాడు. ఎవరికిరా అని అడిగాను. "ఎవరో కారున్నాయనకేలే అక్కా," అన్నాడు నా మొహం చూడకుండా. కారుకే వేశారో, ఇంకో పికప్‌కే వేశారో. ఇప్పటికీ మెరిసే చక్రాలతో టిక్కీల బండి ఏదైనా మా ముందు నుంచి పోతే, చేతిలో పని వదిలేసి లేచి, అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను.