అత్త సామాను పగలగొట్టిన వారం

"నువ్వు పోయినాక ఈ చెత్తంతా ఎవురు ఎత్తిపోయాల అత్తా?" అని అడిగింది నేనే.

అడిగినప్పుడు పద్నాలుగు నెలల నా కొడుకు చంకలో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాడు అంతకు ముందు కూర్చున్న చోట, నేల మీద, నడుం సొట్టపోయిన ఇత్తడి బిందె ఒకటి ఇంకా అటూ ఇటూ దొర్లుతోంది.

మా సామాను గదిలో అటక మీద మూడు తరాల పాత్రలు ఉండేవి. అత్త ఏదో జాడీ కోసం నిచ్చెన ఎక్కి చెయ్యి పెట్టి లాగింది. అటక చెక్క విరిగింది. బిందెలు, గంగాళాలు, పాలకుండలు, ఇనుప పెనాలు ఒకదాని మీద ఒకటి దబదబా పడ్డాయి. వాటితోపాటు అత్తా పడింది. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆమె పాత్రల కింద ఉంది. కణత చిట్లి రక్తం చెవిలోకి కారుతోంది. నేను ముందు ఎత్తుకున్నది పిల్లవాణ్ణి. ఆమె పడిన చోటి నుంచే, "బిడ్డకేమీ కాలేదు గదమ్మే?" అంది. దానికి జవాబుగా నేనన్న మాట అది.

ఆమె నన్ను తిట్టలేదు. లేచి, కొంగుతో చెవి తుడుచుకుని, పడ్డ సామానంతా ఒకసారి చూసింది.

మాది అరవదేశంలో, బొమ్మిడి నుంచి పాపిరెడ్డిపట్టి పోయే దారిలో, రోడ్డు పక్క ఊరు. నేను హోసూరు వైపు నుంచి వచ్చిన కోడల్ని. అక్కడ బళ్లో తెలుగు నేర్చుకున్నాను. ఈ ఇంట్లో తెలుగు మాట్లాడని వాళ్లు లేరు, చదవగలిగింది నేనొక్కదాన్నే. పిల్లవాడు నిద్రపోయాక కూర్చుని ఇది ఇంత ధైర్యంగా రాయడానికి అదే కారణం.

మర్నాడు తెల్లవారగానే అత్త మట్టికుండలతో మొదలుపెట్టింది. పెరట్లో గోడ వారన దొంతులుగా ఉన్న కుండల్ని ఒక్కొక్కటే మోసుకొచ్చి, వీధి గుమ్మం ముందు రాయి మీద వేసి కొట్టింది. పెరట్లో పగలగొడితే పెంకులు పిల్లవాడి కాళ్లకు గుచ్చుకుంటాయని వీధిలో పగలగొట్టింది. అంతే ఆమె ఆలోచన. కానీ మా వాళ్లల్లో వీధి గుమ్మం ముందు కుండ కొట్టేది ఒక్కప్పుడే, శవాన్ని ఎత్తేటప్పుడు. బతికున్న మనిషి పేరున ఎవరైనా అలా కొడితే ఆ మనిషి ఇక ఆ ఇంటికి లేనట్టే. వినని కొడుకుల్ని అలా వదులుకున్న తల్లులు మా చుట్టుపక్కల ఊళ్లల్లో ఇద్దరు ముగ్గురున్నారు.

చెనిక్కాయ చేనుకు పోతున్న ఒక ఆమె ఆగింది. "ఏం వదినా, ఎవురికి కొడతాండావు కుండ?"

"నాకే," అంది అత్త, ఇంకోటి పైకెత్తి. "నేను పోతే మీరు ఒకటే కొడతారు. పిసినారి మొగాలు. నేను నలభై కొట్టుకుంటాండా."

"నలభై కొడితే నేరుగా పైకే పోతావులే."

"పోతా. నీకూ చోటు పట్టి పెడతా, రా."

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడే టౌను బస్సు మా ఇంటి ముందు నెమ్మదించింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. అత్త వాళ్లను చూడను కూడా చూడలేదు. నలభై అన్నది మాటవరసకే, నేను లెక్కపెట్టలేదు. మధ్యాహ్నానికి గుమ్మం ముందు ఎర్ర పెంకులు మోకాలెత్తు పడ్డాయి.

రెండోరోజు ఇత్తడి. పాత ఇత్తడికి బదులు ఎవర్‌సిల్వర్ స్టీలు పాత్రలిచ్చే వ్యాపారి బొమ్మిడి నుంచి సైకిలు మీద వచ్చాడు. మా ఇంటి పద్ధతి ఒకటుంది. ఇంట్లో అన్నం ఉడికిన పాత్రను ఉన్నదున్నట్టుగా బయటికి పోనివ్వరు. మూతి విరగ్గొట్టి, పొట్ట అణగ్గొట్టి, ఇంకెవరూ అందులో వండుకోలేకుండా చేసి ఇస్తారు. బావి తవ్వినప్పటి సమ్మెట ఒకటి కొట్టంలో ఉండేది. అత్త దాన్ని రెండు చేతులా ఎత్తి బిందె నడుం మీద వేసింది. ఆ చప్పుడుకు పెరట్లో కోళ్లు గోడ ఎక్కాయి. పిల్లవాడు ఉలిక్కిపడి నీలంగా మారిపోయాడు. మళ్లీ ఊపిరి తీసేదాకా వీపు నిమురుతూ నేనూ చచ్చి బతికాను.

"పాటీ, కొట్టాకండి, మంచి సరుకు," అని వ్యాపారి అరవంలో, అవ్వను పిలిచినట్టు పిలిచి, బతిమాలుకుంటున్నాడు.

"నీకు సరుకు. నాకది మా అత్త పెట్టిన గంజి," అని మళ్లీ కొట్టింది.

అరచెయ్యి చీలింది. గుడ్డ చుట్టుకుని కొట్టింది. ఆ గుడ్డా తడిసింది. నేను చేస్తానంటే ఒప్పుకోలేదు. "నీ చేతులకు అలవాటయితే బిడ్డ మీదికి వస్తాది," అంది. నా మొగుడు పొలం నుంచి వచ్చి చూసి మళ్లీ పొలానికే పోయాడు. వాళ్లమ్మ పట్టుబడితే ఎవరూ మార్చలేరని ఆయనకు తెలుసు.

మూడోరోజు పొద్దునకు మిగిలింది రాగి అండా ఒక్కటే.

దాని సంగతి చెప్పాలి. నలుగురు మోస్తే గానీ కదలదు. రెండు పక్కలా కడియాలు, మధ్యలో అతుకు. మూడు వందల మందికి ఒకేసారి అన్నం ఉడుకుతుంది. చుట్టూ ఏ ఊళ్లో పెళ్లయినా మా అండానే అడిగి తీసుకుపోతారు. అండా ఇచ్చిన ఇంటివాళ్లను తొలి పంక్తిలో, తొలి ఆకు ముందు కూర్చోబెడతారు. మా మామ వాళ్లమ్మ చచ్చిపోయిన పదహారో రోజున మామా, ఆయన తమ్ముడూ పొలం గొడవ లేకుండా పంచుకున్నారు, ఎద్దుల్నీ పంచుకున్నారు. అండా దగ్గర అన్నదమ్ములిద్దరూ లేచారు. మామ తమ్ముడి ముఖం మీద రోకలితో కొట్టాడు. ఒక కన్ను పోయింది. తమ్ముడు ఊరొదిలి పోయాడు. ఆయన చనిపోయినప్పుడు కూడా మా ఇంటికి కబురు రాలేదు. మామ కూడా ఇప్పుడు లేడు. ఆ రక్తాన్ని గుమ్మం మీద కడిగింది మా అత్త. అప్పటికి ఆమెకు పెద్దకొడుకు కడుపులో ఉన్నాడు.

ఆ పెద్దకొడుకే మా బావ. తొప్పూరు కనుమ దగ్గర లారీలకు పంక్చర్లు వేసే కొట్టు ఆయనది. అరవ మాసి నెల జాతరకు వచ్చినప్పుడు, కొత్త ఇల్లు కట్టుకున్నాను, అండా నా ఇంట్లో ఉండనీ అని అడిగాడు. అత్త కుదరదంది. ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా ఆకు ముందు నుంచి లేచి పోయాడు. మళ్లీ రాలేదు.

"నేనుండంగానే దాని పీడ తీసేస్తా," అంది అత్త ఆ పొద్దున. "నా కొడుకులు ఒకరి మీద ఒకరు చెయ్యెత్తకూడదు. అది చాలు నాకు. ఇంకేమీ వద్దు."

"బావకు ఒక మాట చెప్పి పంపుదాం అత్తా."

"చెప్తే వస్తాడు. వస్తే అడుగుతాడు. అది లేకుంటే అడిగేదేముండాది?"

నాకు ఆ లెక్క సరిగానే అనిపించింది. మేమిద్దరం చేసిన తప్పు అదే.

అండాను నా మొగుడూ, పొలంలో పనికొచ్చిన ముగ్గురూ మోసి పెరట్లో పెట్టారు. ఆ ముగ్గురూ వెళ్లిపోయారు. అత్త సమ్మెట తెచ్చుకుంది. అప్పుడు వీధిలో లారీ ఆగిన చప్పుడైంది. పెంకుల మీద చెప్పులు కరకరలాడాయి. బావ టైర్లు విప్పే ఇనుప కడ్డీతో లోపలికి వచ్చాడు.

"నేను చచ్చిపోయినానంట గదమ్మా," అన్నాడు. "బస్సులో చూసినోళ్లు వచ్చి చెప్పినారు. నా పేరున కుండ కొట్టినావంట. ఒకటి చాలక గుమ్మం నిండా కొట్టినావంట."

అత్త నోరు తెరిచింది. కానీ జవాబిచ్చింది నా మొగుడు.

"ఎవురో కూస్తే కడ్డీ ఎత్తుకోని అమ్మ మీదికొస్తావా? అమ్మ సామాను తీసేస్తాండాది. అంతే."

"నాకు చెప్పకుండానా? నేను ఈ కడుపున పుట్టలేదా?"

"ఏడుపు సామానుకా, అండాకా? నోరు తెరిచి చెప్పు. తొలి ఆకు ముందు కూర్చోవాలని ఎంత ఆశరా నీకు!"

అన్నను 'రా' అని పిలవడం నేను విన్నది అదే మొదటిసారి. కడ్డీ లేచింది. నా మొగుడి భుజం మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు లోపల ఎముక విరగడం నాకు స్పష్టంగా వినిపించింది. ఆయన కింద పడకుండా తలతో అన్న మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి రక్తంతో పాటు చొక్కా మీద పడింది. ఇద్దరూ అండాకు కొట్టుకుని కింద దొర్లారు. బావ ఆయన గొంతు పట్టుకున్నాడు. ఒక చెయ్యి పనిచేయని మా ఆయన రెండో చేతి బొటనవేలును అన్న కంట్లో పెట్టి నొక్కుతున్నాడు.

"కన్నురా! కన్ను! రేయ్, కన్ను!" అని అత్త అరిచింది. అలాంటి అరుపు నేను ఇంకెప్పుడూ వినలేదు, వినాలనీ లేదు. ఆమె సమ్మెట ఎత్తబోయింది. చీలిన అరచేతిలో నెత్తురుకు పిడి జారిపోయింది.

నేను పిల్లవాణ్ణి గడప అవతల దించాను. వాడు నా చీర పట్టుకున్నాడు. వేళ్లు విడిపించుకుని పోయి సమ్మెట అందుకున్నాను. ఒక నిజం ఒప్పుకోవాలి. నేను దాన్ని ఎత్తింది అండా కోసం కాదు. నా మొగుడి గొంతు మీద ఉన్న మనిషి వీపు కోసం. ఎత్తాను. ఆ వీపు మీద చెమటకు అంటుకున్న చొక్కా, దాని కింద వెన్నెముక కనిపించాయి. చెయ్యి పక్కకు తిరిగింది. సమ్మెట అండా మీద పడింది.

గుడిగంట లోపల తల పెట్టినట్టు మోగింది. మళ్లీ కొట్టాను. మూడోసారికి అతుకు విడింది. రాగి నోరు తెరిచినట్టు చీలింది. వాళ్లు ఎప్పుడు విడిపోయారో నాకు తెలియదు. నేను కొడుతూనే ఉన్నాను. ఏదో అరుస్తున్నాను కూడా, అవి మాటలు కావు. చివరకు వెనకనుంచి ఎవరో సమ్మెట పిడి పట్టుకున్నారు. బావ. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. మూతి నిండా రక్తం.

"చాలు పాపా," అన్నాడు నాతో. "చాలు. ఇచ్చేయ్."

అత్త నేల మీద కూర్చుని ఉంది. "నీకు కాదురా," అంది ఆయనతో. "నాకు కొట్టుకున్నా. నేను పోయినాక మీకు పని లేకుండా ఉండాలని కొట్టుకున్నా."

"చెప్పి కొట్టుకోవచ్చు గదమ్మా."

"చెప్తే నువ్వు ఇదే కడ్డీతో వచ్చుంటావు."

బావ తాను వచ్చిన లారీలోనే తమ్ముణ్ణి ఎక్కించుకుని ధర్మపురి ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారి పొడవునా గుంట వచ్చినప్పుడల్లా బావ విరిగిన భుజం కింద తన చెయ్యి పెట్టాడని తర్వాత మా ఆయన చెప్పాడు. కన్ను నిలిచింది. భుజం ఎముక అతికింది, కొంచెం వంకరగా.

వాళ్లు పోయాక పిల్లవాడి కోసం చేతులు చాపాను. వాడు రాలేదు. గడప దాటి, నన్ను తప్పించుకుని పాకుతూ పోయి అత్త ఒడిలో ముఖం దాచుకున్నాడు. మూడు రోజులు నేను పెట్టిన అన్నం తినలేదు. నా చెయ్యి పైకి లేస్తే చాలు, దండెం మీద గుడ్డ తీయడానికైనా సరే, కళ్లు గట్టిగా మూసుకునేవాడు. ఏది మీద పడి వాడికి దెబ్బ తగులుతుందోనని వాడు పుట్టినప్పటి నుంచీ ఇల్లంతా వెతికి వెతికి చూసినదాన్ని. ఆ వెతుకులాటలో నన్ను నేను లెక్కలోకి తీసుకోలేదు.

నాలుగోరోజు బావ మళ్లీ వచ్చాడు, ఈసారి ఖాళీ చేతులతో. విరిగిన పాత్రను సగంలో వదిలేయకూడదు, పూర్తిగా అణగ్గొట్టే బయటికి ఇవ్వాలి. పెరట్లో మా ఆయన, చెయ్యి మెడకు కట్టుకుని, రాగి ముక్కను కాలితో తొక్కిపట్టాడు. బావ సమ్మెట వేశాడు.

"కాలు తియ్."

"తీస్తే జారిపోతాది. కొట్టు నువ్వు."

"నలిగిపోతాది, ఎద్దా."

"ఎముక విరగ్గొట్టినోడికి వేళ్ల మీద ఎంత ప్రేమ!"

బావ నవ్వబోయి, మూతి పగిలి ఉన్నందున నవ్వలేకపోయాడు. మధ్యాహ్నం దాకా కొట్టారు. వ్యాపారి గోనెసంచుల్లో ముక్కలు కట్టుకుపోయాడు. ఇప్పుడు అత్తకున్నవి మూడు చీరలు, ఒక కంచం, ఒక చెంబు, చాప. సామాను గదిలో గోడలు తెల్లగా కనిపిస్తున్నాయి. ఊళ్లో తర్వాతి పెళ్లికి అండా ధర్మపురి నుంచి అద్దెకు తెచ్చారు. మా వాళ్లు ఏదో నాలుగో పంక్తిలో కూర్చుని తిని వచ్చారు.

మొన్న పిల్లవాడికి అన్నం తినిపిస్తూ, పాత్రలు పోయినందుకు బాధగా ఉందా అని అత్తను అడిగాను.

"వాళ్లు ఎట్లా అయినా కొట్టుకుంటారమ్మే," అంది. "అండా లేకుంటే చెంబుకు కొట్టుకుంటారు. నేను పోయినాక కొట్టుకునుంటే? బతికుండంగా కొట్టుకున్నారు. అడ్డం పోయేదానికి నేనున్నా."

అడ్డం పోయింది ఎవరో ఇద్దరికీ తెలుసు. ముద్ద కలిపి చెయ్యి నెమ్మదిగా, వాడికి కనిపించేలా, ముందుకు పెట్టాను. వాడు నా ముఖం చూసి, అత్త ముఖం చూసి, నోరు తెరిచాడు.