రాణి వెళ్లిన ఏడాది

ఉయ్యూరు దాటాక మా బస్సు చెరుకాకు మోపులు వేసుకెళ్తున్న బండి పక్కగా వెళ్లింది. ఆ పచ్చివాసన తగలగానే మా ఆవు రాణి గుర్తొచ్చింది.

డెబ్భైల్లో ఒక ఏడు మైలవరం దగ్గర మా ఊళ్లో వానల్లేవు. మా మెట్టకి కాలవ నీళ్లు రావు. బావి ఎండింది, గడ్డివాము అయిపోయింది. రాణికి ఎముకలు తేలాయి.

"ఉయ్యూరు మేనత్త వాళ్లకి చెరుకాకు బోలెడుందమ్మా. అక్కడ వదిలేసొస్తా, వానలు పడ్డాక తెచ్చుకుందాం," అన్నాడు నాన్న. రాణి చుట్టాలింటికి వెళ్తోందని సంబరపడి, నుదుట బొట్టు పెట్టి పంపాను.

అనుకున్నదానికన్నా ముందే నాన్న భుజాన పలుపుతాడుతో తిరిగొచ్చాడు.

"తాడు తెచ్చేస్తే అత్త దేంతో కడుతుంది నాన్నా?"

"అక్కడ కట్టక్కర్లేదమ్మా," అన్నాడు నాన్న. అమ్మ గబుక్కున లోపలికి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే కుండపోతగా వాన కురిసింది. "రాణి వచ్చేస్తుంది, పాక ఊడుద్దాం రా నాన్నా," అంటూ నాన్న చెయ్యి పట్టి లాగాను. నాన్న చీపురు తీసుకుని పాకంతా ఊడ్చాడు.

రాణి బెజవాడ చేరకముందే దారిలో పడిపోయి చచ్చిపోయిందని, నేను పెద్దయ్యాక అమ్మ చెప్పింది. వాన నాలుగు రోజులు ముందు పడుంటే అది ఇల్లు కదిలేదే కాదు.

పాక ఊడ్చిన ఆ సాయంత్రం నాన్న, నేనడిగానని, దాన్ని కట్టేసే గుంజ వదులైతే వానలో తడుస్తూ మళ్లీ గట్టిగా పాతాడు.